సామ్యదర్శిని ఇచ్చిన సాక్ష్యం

సీతారత్నం పొద్దుటి నుంచి రెండు గ్రహాలనూ ఒక చీమల సామ్రాజ్యాన్నీ సవరణాలయానికి పంపింది. నాలుగోది కూడా గ్రహం కథే. కాకినాడ పోలికల కార్యాలయంలో ఇదేమీ వింత కాదు. ప్రథమ సంరక్షకులవారి పాలన మొదలయ్యాక కథలు రాసేవాళ్లంతా భూమి ఖాళీ చేసి ఆకాశానికి ఎక్కేశారు. ఎంత దూరం పోతే ఏం లాభం, ఇక్కడ బల్ల మీద సామ్యదర్శిని యంత్రం ఉంది కదా. కథలోని రాజ్యానికీ ఈ రాజ్యానికీ పోలిక కనబడిన ప్రతి వాక్యం కిందా అది ఎర్రగీత వేస్తుంది. చివర్లో నూటికి ఇంత అని ఒక అంకె చూపిస్తుంది. అరవై దాటితే రాసినవాళ్లకు సవరణాలయంలో మూడేళ్లు. పరిశీలకురాలైన సీతారత్నం చెయ్యవలసిందల్లా సంతకం పెట్టడమే.

ఎదురుగా కూర్చున్న గంగాధరం పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. అరవై ఏళ్లు దాటాయి. జీవితంలో ఇదే మొదటి కథ. నీళ్లు లేని ఒక గ్రహంలో ఇసుక తుపానులకు అడ్డంగా రాజు గోడ కట్టిస్తాడు. గోడ కూలిపోయి పనివాళ్లు చచ్చిపోతారు. ఎవరూ చావలేదు, పని నచ్చక వేరే గ్రహానికి వెళ్లిపోయారని రాజు చాటింపు వేయిస్తాడు. కథ చెప్పుకోదగ్గంత బాగాలేదు. అంకె మాత్రం తొంభై నాలుగు.

సీతారత్నం కలం తీసింది. ఆ అంకెకు ఆధారం చదివి వినిపించమని గంగాధరం నెమ్మదిగా అడిగాడు. నిబంధనల్లో ఆ హక్కు ఉన్నమాట నిజమే. కానీ పద్నాలుగేళ్లలో ఆవిడ బల్ల ముందు కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ దాన్ని అడిగే ధైర్యం చాలలేదు. ఆధారం ఎలా ఉంటుందో ఆవిడకే తెలియదు. వెతికి వెతికి ఆ మీట నొక్కింది.

యంత్రం చేయించినవాళ్లు ఒక్క విషయం ఆలోచించలేదు. కల్పనలో నిజం పోలిక పట్టుకోవాలంటే యంత్రానికి ముందు నిజం తెలిసి ఉండాలి. జనం దగ్గర దాచిందంతా దానికి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పారు. తెర మీద వచ్చినదాన్ని ఆవిడ అలవాటైన గొంతుతో చదవడం మొదలుపెట్టింది. ఏడో పేజీ, మూడో వాక్యం. కథలో గోడ కూలిపోయి పనివాళ్లు మరణించారు. వాస్తవంలో ఆరేళ్ల కిందట తుపానులో సముద్రపు గోడ కూలి రెండువందల పదమూడుమంది మరణించారు. దేహాలు వెలికితీయలేదు. వాటి మీదే కొత్త గోడ కట్టారు. పోయినవాళ్లు వలస వెళ్లారంటూ కుటుంబాలకు వలస ఉత్తరాలు పంపారు.

కింద పేర్లున్నాయి. మేడిశెట్టి కుసుమ అన్న పేరు దగ్గర గంగాధరం కళ్లు మూసుకున్నాడు. మరి కొన్ని పేర్లు చదివాక సీతారత్నం ఆగిపోయింది. అక్కడ నూకరాజు పేరుంది.

నూకరాజు ఆవిడ భర్త. ఆ గోడ మీద క్రేను నడిపేవాడు. ఆ రోజు పొద్దున ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. ఇంక నీ మొహం చూడనని అతను విసురుగా వెళ్లిపోయాడు. తరవాత వలస ఉత్తరం వచ్చింది. అన్నంత పనీ చేశాడని ఆవిడ నమ్మింది. ఆరేళ్లుగా పొయ్యి వెలిగించినప్పుడల్లా అతన్ని తిట్టుకుంటూనే ఉంది.

సీతారత్నం కలం పక్కన పెట్టింది. "పోలిక లేదని కొట్టేస్తానండి. నాకా అధికారం ఉంది. మీరు ఇంటికెళ్లిపోండి."

"వద్దమ్మా. సంతకం పెట్టండి."

"మూడేళ్లండి. ఈ వయసులో తట్టుకోలేరు."

"తిరగని ఆఫీసు లేదమ్మా. మా కుసుమ ఎవడితోనో లేచిపోయిందని రాసిచ్చారు. ఊరంతా అదే మాటన్నారు. దాని తల్లి ఆ మాట వింటూనే పోయింది. పిల్ల గోడ కింద చచ్చిపోయిందని సర్కారు ముద్రేసి ఇచ్చే కాగితం ఈ శిక్ష కాగితం ఒక్కటేనండి. కథ రాయడం నాకేం తెలుసు? దీనికోసమే రాశాను."

కొట్టేస్తే ఆయన ఇంటికి పోతాడు, గోడ కింద ఎవరూ చావనట్టే లెక్క. సంతకం పెడితే చచ్చినట్టు రుజువు, ఆయన సవరణాలయానికి. సీతారత్నానికి ఏడుపొచ్చింది. సంతకం పెట్టి ముద్ర వేసి, ఆధారంతో సహా శిక్ష కాగితం ప్రతిని ఆయన చేతికిచ్చింది. ఆయన కూతురి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని భటుల వెంట నడిచాడు. ఆ కాగితంలోనే నూకరాజు పేరూ వెళ్లిపోయింది. ఆ ప్రతిని కథ రాసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు.

ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసింది. పక్క బల్ల దగ్గర రామకోటి అనే పరిశీలకుడు టీ తాగుతున్నాడు. కాగితం అతని ముందు పెట్టి, ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఎవరి కథండీ ఇది?"

"నాదే. ఒక గ్రహంలో ఒకామె, చచ్చిపోయిన మొగుణ్ణి ఆరేళ్లు తిట్టుకుంటుంది."

దాన్ని యంత్రంలో పెట్టడానికి రామకోటికి చేతులు రాలేదు. ఇంటికెళ్లి పడుకోమని బతిమాలాడు. ఆవిడ కదలలేదు. చివరికి అతను కాగితాన్ని యంత్రంలో పెట్టాడు. నాలుగు వాక్యాల కిందా ఎర్రగీతలు పడ్డాయి.

"ఆధారం చదువు, రామకోటీ," అంది సీతారత్నం. "మా ఆయన పేరు దగ్గర కాస్త నెమ్మదిగా చదువు."