పురుషోత్తం షాట్

"పురుషోత్తం! అబ్బబ్బా, ఏం పురుషోత్తమప్పా ఇది! నేరుగా తోటలోకే!"

మైకులో యతీశ్ గొంతు చించుకుని అరిచాడు. గ్రౌండు చుట్టూ నిలబడ్డ జనమంతా అతనితో కలిసి అరిచారు. సన్నగా తుంపర పడుతోంది, అయినా ఒక్కరూ కదల్లేదు.

కృష్ణగిరి బైపాస్ పక్కన కాలేజీ గ్రౌండు. రెండు వేల ఒకటో సంవత్సరం, ఆగస్టు నెల ఆదివారం. కాలేజీ టీము సెంటర్ ఫార్వర్డ్ కొట్టిన బంతి గోల్‌పోస్టు మీదుగా ఎగిరి వెనక మామిడితోటలో పడింది. ఈ గ్రౌండులో బంతి అట్లా తోటలో పడితే దాన్ని పురుషోత్తం అంటారు. ఎందుకంటారని ఎవరూ అడగరు. కార్నర్‌ని కార్నర్ అన్నట్టే, దీన్ని పురుషోత్తం అనడం అలవాటు.

యతీశ్ ఈ కాలేజీలోనే చదివాడు. ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్ రూములో పని. వారమంతా మెషిన్ల మోతలో నోరు మూసుకుని ఉంటాడు, ఆదివారం బస్సెక్కి వచ్చి ఆ నోటికి పని పెడతాడు. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం తమిళంలోకి దూకి, కన్నడంలో మలుపు తిరిగి, ఇంగ్లీషులో ఆగుతుంది. సగం మంది ఆట చూడ్డానికి కాదు, అతని కామెంటరీ వినడానికే వస్తారని టీకొట్టు పాపన్న అంటుంటాడు.

ఆ రోజు మాత్రం మైకు టక్కున ఆగిపోయింది.

కరెంటు పోయిందేమో అని యతీశ్ తల తిప్పాడు. యాంప్లిఫయరు స్విచ్చి మీద ఒక చెయ్యి ఉంది. ఆ చేతికి ఆకుపచ్చ గాజులు. ఇంకాస్త పైకి చూస్తే, వానకి నుదుటికి అతుక్కున్న ముంగురులు, మండిపోతున్న రెండు కళ్ళు. ఎంత బాగుందీ పిల్ల అనుకునే సమయం కాదది. అయినా అనుకున్నాడు.

"ఏమ్మా, ఏం చేస్తా ఉండావు? మ్యాచ్ నడస్తా ఉండాది!"

"పురుషోత్తం అంటే ఎవరు?" అంది ఆ అమ్మాయి.

"ఎవరేంది? అది మనిషి కాదు, షాట్ పేరు."

"షాట్ పేరా?"

"ఔను. కొత్తా నువ్వు? బంతి గోల్‌పోస్టు బారు మీదుగా పోయి తోటలో పడిందనుకో..."

"అది మా నాయన పేరు!"

యతీశ్ మైకు కిందికి దించాడు.

"మత్తిగిరిలో ఉండాడు. పశువుల ఫారంలో పని చేస్తాడు. పొద్దున్నే పేపర్ చదువుతాడు, ఉప్మాలో శనగపప్పు ఏరి పక్కన పెడతాడు. మనిషి కాదంట, మనిషి!"

స్విచ్చి మళ్ళీ వేసి, గొడుగు విప్పుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఆ తర్వాత కాలేజీ రెండు గోల్స్ కొట్టింది గానీ, కామెంటరీలో ఉప్పూ కారం లేవని అందరూ అన్నారు.

మ్యాచ్ అయ్యాక యతీశ్ తిన్నగా టీకొట్టుకి పోయాడు. పాపన్న ఒకప్పుడు ఇదే టీములో లెఫ్ట్ బ్యాక్.

"పాపన్నా, పురుషోత్తం నిజంగా మనిషేనా?"

"మనిషి గాక దయ్యమా? డెబ్బై ఆరులో మా సెంటర్ ఫార్వర్డ్. ఆ ఏడు టోర్నమెంటు ఫైనల్లో ఒకటికొకటి సమానంగా ఉన్నాం. ఆఖర్న పెనాల్టీ దొరికింది. పురుషోత్తం కొట్టినాడు. ఆ బంతి ఇంకా కిందికి దిగలేదప్పా!" పాపన్న పకపకా నవ్వాడు. "ఆ తర్వాత ఎవడు బయటికి కొట్టినా పురుషోత్తం, పురుషోత్తం అని ఎగతాళి. మేం పోయినాం, ఆ పేరు పోలేదు."

"ఆయన మళ్ళా ఈడికి రాలేదా?"

"యాడొస్తాడు? ప్రతి ఏడూ ఫైనలుకి పాత ప్లేయర్ని తాంబూలమిచ్చి పిలుస్తాం కద, మొదటి బంతి తన్నేదానికి. మా టీములో అందర్నీ పిలిచినాం. ఆయన్ని మాత్రం పిలవలేదు. వచ్చి ఈ అరుపులు వింటే పాపం, మనసు నొచ్చుకుంటాడని."

యతీశ్ టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు. ఆ పేరుని హోసూరు దాకా మోసుకుపోయింది తనే. ఫ్యాక్టరీలో లంచ్ టైములో ఆడే తమిళ కుర్రాళ్ళు కూడా ఇప్పుడు "మచ్చా, పురుషోత్తం డా!" అని అరుస్తున్నారు.

చేసిన తప్పు దిద్దుకోవాలని తర్వాతి ఆదివారం మైకు అందుకున్నాడు.

"అభిమానులకు ఒక విన్నపం. బంతి తోటలో పడితే ఇంక ఆ పేరు వాడొద్దు. అవుట్ అంటే చాలు."

"యా పేరప్పా?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"అదే, ఆ పేరు."

"యా పేరో చెప్తేనే కద మానేసేది!"

"పురుషోత్తం అనే పేరు!"

అంతే, కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. అంతకుముందు బంతి తోటలో పడితేనే అరిచేవాళ్ళు, ఇప్పుడు త్రో ఇచ్చినా పురుషోత్తమే, గోల్‌కీపరు తుమ్మినా పురుషోత్తమే. యతీశ్ తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి. తల ఎత్తితే, ఆ అమ్మాయి కోపంగా ఉండాలని చూస్తూ నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది.

"నువ్వు చేసిన సాయం చాలు సామీ!"

"సారీ. నిజంగా తెలీక అరిచినాను."

"తెలీదని నీ మొహం చూస్తేనే తెలుస్తా ఉండాది. నా పేరు చైత్ర. బీఎస్సీ ఫైనలియర్."

ఇద్దరూ ఎక్కాల్సింది హోసూరు బస్సే. ఆ సాయంత్రం ఒకే సీటు దొరికింది. చైత్ర కూర్చుంది, యతీశ్ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"మన లెఫ్ట్ వింగ్‌కి ఎడమకాలు కూడా ఒకటుందని ఎవరన్నా చెప్పకూడదా?" అంది చైత్ర.

"నీకు ఫుట్‌బాల్ తెలుసా!"

"మా నాయనకి తెలుసు కాబట్టి నాకు తెలుసు. డెబ్బై ఆరు టీములో ఎవరు ఎట్లా ఆడేవాళ్ళో అడుగు, చెప్తాను. అందరి గురించీ చెప్తాడు, తన గురించి తప్ప."

శూలగిరి వచ్చేసరికి ఇప్పటి టీము అయిపోయింది. హోసూరు వచ్చేసరికి పాత ప్లేయర్లలో సగం మంది అయ్యారు. మిగిలిన సగం కోసం తర్వాతి ఆదివారం ఉండనే ఉంది. పాత ప్లేయర్లు కూడా అయిపోతే రెఫరీలున్నారు, వాళ్ళూ అయిపోతే వాతావరణం ఉంది. మాట్లాడాలనుకున్నవాళ్ళకి మాటలకేం తక్కువ?

ఒకసారి బస్సు గ్రౌండు దాటుతుంటే చైత్ర గొంతు తగ్గించి చెప్పింది. "కృష్ణగిరికి ఎప్పుడొచ్చినా, ఈ గ్రౌండు రాంగానే మా నాయన తల అవతలికి తిప్పుకుంటాడు. నా చిన్నప్పట్నుంచీ అంతే."

యతీశ్ వంగి, కిటికీలోంచి వెనక్కి పోతున్న గ్రౌండుకేసి చూశాడు.

అక్టోబరులో కృష్ణగిరి బస్టాండులో ఒక సాయంత్రం కుండపోత వాన. ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇరుక్కున్నారు. యతీశ్ కుడి భుజమూ, చైత్ర ఎడమ భుజమూ తడిసి ముద్దయ్యాయి. గొడుగు పెద్దది కావాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

"చైత్రా, నాకు నువ్వంటే చానా ఇష్టం."

మైకు లేదు కాబట్టి మాట మెల్లగా వచ్చింది.

"ఏమన్నావు? వానలో వినపళ్ళేదు."

వినపడిందని ఆమె బుగ్గలే చెబుతున్నాయి. అయినా యతీశ్ మళ్ళీ చెప్పాడు.

"నాకూ ఇష్టమే," అంది చైత్ర, వానకేసి చూస్తూ. "కానీ మా నాయన పేరు పెట్టి అరిచేవాళ్ళకి లీడరువి నువ్వు. నిన్ను ఇంటికి తీసుకుపోయి ఏమని చెప్పేది? కోలారు నుంచి ఒక సంబంధం కూడా వస్తా ఉండాది."

"ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను."

"ఇంటికి రా. మైకులో అరిచేది నువ్వేనని మా నాయన ముందర నీ నోటితోనే చెప్పు. ఆ తర్వాత నన్ను ఇమ్మని ఆయన్ని అడుగు. ఆయన వద్దంటే మాత్రం, ఆయన్ని ఏడిపించి నీతో రాలేను యతీశ్. ఏమీ అనుకోవద్దు."

అనుకోవడానికేముంది? భయపడటానికి మాత్రం చాలా ఉంది.

మత్తిగిరిలో ఫారం క్వార్టర్సు. పురుషోత్తం పొడుగాటి మనిషి, మీసం సగం నెరిసింది. కుర్చీ చూపించి, భార్య సుధామణిని కాఫీ తెమ్మన్నాడు.

"యా ఊరప్పా మీది?"

"వేప్పనపల్లి సార్. శ్రీరంగప్ప కొడుకుని."

"గొర్రెల శ్రీరంగప్పా? మందులకి మా ఫారానికి వచ్చేవాడు. నిక్కచ్చి మనిషి."

ఇంత మర్యాద చేస్తుంటే చెప్పడం ఇంకా కష్టమైంది. తలుపు వెనకనుంచి చైత్ర కళ్ళతోనే 'చెప్పు' అంది.

"సార్, కాలేజీ గ్రౌండులో కామెంటరీ చెప్పేది నేనే. బంతి తోటలో పడితే మీ పేరు అరిచేదీ నేనే. అది ఒక మనిషి పేరని తెలీక అరిచినాను. క్షమించండి."

పురుషోత్తం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఫారంలో ఎక్కడో దూడ అంబా అంది. సుధామణి పైట చెంగు నలుపుతూ నిలబడిపోయింది.

"గట్టిగానే అరుస్తావా?" అన్నాడు పురుషోత్తం.

"సార్?"

"నా పేరు. ఎట్లా అరుస్తావో ఒకతూరి అరిచి చూపించు."

యతీశ్ మెల్లగా "పురుషోత్తం" అన్నాడు.

"ఇదేమి అరుపు? చావింట్లో మాట్లాడినట్టు!"

ఇంక తప్పేట్టు లేదు. యతీశ్ కళ్ళు మూసుకుని, ఆదివారం అరిచినట్టే అరిచాడు. పక్క క్వార్టర్సులో కిటికీ తెరుచుకుంది. పురుషోత్తం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"మా క్యాప్టెన్ పేరు నీకు తెలుసా?"

"తెలీదు సార్."

"గోల్‌కీపరు పేరు?"

"తెలీదు."

"చూసినావా? ఆ ఏడు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది నేనే. అదీ ఎవరికీ తెలీదు. మొదట్లో బాధపడినాను, దాచేదేముంది, ఏడ్చినాను కూడా. తర్వాత్తర్వాత, పోనీలే, నేను పోకపోయినా నా పేరన్నా ఆడ ఉండాది కద అనిపించింది."

చైత్ర తలుపు వెనకనుంచి వచ్చేసింది. "మరి బస్సులో తల ఎందుకు తిప్పుకుంటావు నాయనా?"

పురుషోత్తం నవ్వు ఆగిపోయింది.

"పిలవలేదు కదమ్మా. పాపన్నని రెండు తూర్లు పిలిచినారు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా బయట కూర్చున్నవాణ్ణి కూడా పిలిచినారు. నన్ను పిలవలేదు. పేరు కావాల, మనిషి వద్దా? అరిచినందుకు కాదమ్మా, పిలవనందుకు."

చైత్ర ఏడ్చేసింది. ఆయనకి నొప్పి కలగకూడదని అందరూ అనుకున్నారు. ఆయన నొప్పి ఏమిటని ఒక్కరూ అడగలేదు, తను కూడా.

యతీశ్ చెప్పులు వేసుకోకుండానే వీధి చివరి అంగడికి పరిగెత్తాడు. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు తెచ్చాడు. సుధామణి ఇచ్చిన పళ్ళెంలో పెట్టి, రెండు చేతులా ముందుకు చాపాడు.

"ఫైనలుకి మీరు రావాల సార్. మొదటి బంతి మీరే తన్నాల."

పురుషోత్తం లేచి నిలబడి అందుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ ఆటలో పడ్డారు. కాఫీ గ్లాసులు గోల్‌పోస్టులయ్యాయి, వక్కపలుకులు ప్లేయర్లయ్యాయి. పొద్దుగూకాక యతీశ్ ఉత్సాహంగా గేటు దాకా వచ్చాడు.

"మా నాయనతో అంతసేపు మాట్లాడినావే, నా గురించి అడిగినావా?" అంది చైత్ర.

"అయ్యో!"

"అయ్యో అంట! ఫైనల్ అయిన మరుసటి రోజే కోలారు వాళ్ళు వస్తారు. వాళ్ళకి కామెంటరీ చెప్పుకో, పో!"

ఫైనల్ రోజు వాన తెరిపిచ్చింది. పురుషోత్తం ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో గ్రౌండులోకి అడుగుపెట్టాడు. పాపన్న టీకొట్టు వదిలేసి వచ్చి కావలించుకున్నాడు. "నీకు బాధని పిలవలేదురా," అంటూ ఏడ్చాడు. "పిలిచి చూడాల్సింది కదరా!" అని పురుషోత్తం అతని వీపు మీద ఒక్కటిచ్చాడు.

"అభిమానులారా," అని మైకులో యతీశ్ గొంతు మోగింది. "మీరు ఇన్నేండ్లు అరిచిన పేరు ఇదిగో, మనిషై వచ్చింది! డెబ్బై ఆరు టీములో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సెంటర్ ఫార్వర్డ్!"

పురుషోత్తం పెనాల్టీ గుర్తు మీద బంతి పెట్టి, పంచె ఎగగట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి తన్నాడు. బంతి లేచింది, బారు దాటింది, మామిడితోటలోకి పోయింది. గ్రౌండంతా ఒక్క గొంతుతో ఆయన పేరు అరిచింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కాలేజీ కుర్రాళ్ళు వెళ్ళి ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

తర్వాత వచ్చి మైకు టేబులు దగ్గర కూర్చుంటే, "కావాలనే పైకి కొట్టినారా సార్?" అని యతీశ్ అడిగాడు.

"ఇన్నేండ్లు కాలు ఆడించకపోతే, కావాలన్నా గోల్లో పడదప్పా."

మ్యాచ్ జోరుగా సాగుతోంది. వెనక కుర్చీలో చైత్ర ముభావంగా కూర్చుంది. యతీశ్ ఒక కన్ను ఆట మీద, ఇంకో కన్ను ఆమె మీద పెట్టి, బంతి ఎవరి దగ్గరుందో రెండుసార్లు తప్పు చెప్పాడు.

"ఏమప్పా," అన్నాడు పురుషోత్తం. "ఊళ్ళోవాళ్ళ సంగతంతా ఇంత గొంతు పెట్టి చెప్తావు. నన్ను అడగాల్సింది ఒకటుందంట కద, దానికి నోరు రాదా?"

యతీశ్ చేతిలో మైకు జారి టేబులు మీద పడింది. దాన్ని ఆపాలని అతనికి తోచలేదు.

"సార్, నాకు చైత్రంటే ప్రాణం. ఉద్యోగం పర్మనెంట్ అయింది. మా అమ్మానాయన్ని పిల్చుకొని వస్తాను. చైత్రని నాకు ఇస్తారా?"

ఆ మాటలు రెండు లౌడ్‌స్పీకర్ హారన్లలోంచి గ్రౌండంతా మోగాయి. పరిగెత్తుతున్న ప్లేయర్లు నిలబడిపోయారు. పాపన్న కొట్టులో టీ పొంగి పొయ్యిలో పడింది.

పురుషోత్తం మైకు వైపు చూసి, మీసం కింద నవ్వుకున్నాడు. "గెలిచినోళ్ళకి ఇచ్చేదానికి నా కూతురేమన్నా ఫైనల్ కప్పా? దాన్నే అడుగు. కోలారు వాళ్ళని రావద్దని నిన్ననే ఫోన్ చేసి చెప్పినాను. దాని మొహం చూస్తే నాకు తెలీదా?"

యతీశ్ వెనక్కి తిరిగాడు. చైత్ర మొహం ఎర్రగా కందిపోయింది. లేచి వచ్చి, తండ్రి భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మైకు అందుకుంది.

"నాకు ఇష్టమే, చేసుకుంటాను," అంది. అని, మైకు యతీశ్ చేతిలో పెట్టింది. "ఇంక మ్యాచ్ చెప్పు, మనకి కార్నర్ వచ్చింది."