303 తలుపు ముందు

"ఆధార్ కార్డు లామినేషన్ చేస్తారా?"

"పాతవాటికి చేయం."

"అయితే ఫొటో తీయండి."

పంజాగుట్టలోని ఆ జిరాక్స్ షాపులో కౌంటర్ చెక్క పైకి లేచింది. భార్గవ్ లోపలికి నడిచాడు. ఫొటోల గదిలో తెర వెనక ఇంకో గది. గోడ నిండా మానిటర్లు. వాటి ముందు స్పెషల్ సెల్ చీఫ్ రాఘవయ్య.

"కూర్చోకు, టైం లేదు," అన్నాడాయన. "బయటి దేశాల్లో మనకు పనిచేస్తున్న నలభై ఒక్కమంది ఏజెంట్ల పేర్లు, ఫొటోలు దొంగిలించారు. సాయంత్రం ఐదూ నలభైకి శాటిలైట్ లింక్ దొరుకుతుంది. ఫైల్ వెళ్లిపోతుంది. తెల్లారేసరికి వాళ్లలో ఒక్కరూ బతకరు."

"సమాచారం ఎవరిది సార్?"

"మంజూషది."

మైత్రీవనంలో డేటా సైన్స్ చెబుతుంది మంజూష. ఆమె క్లాసుకు సిలబస్ కోసం వచ్చేవాళ్లకంటే ఆమెను చూడటానికి వచ్చేవాళ్లే ఎక్కువని అమీర్‌పేట హాస్టళ్లలో చెప్పుకుంటారు. విదేశీ ముఠా ఇన్నాళ్లూ ఆమెను తమ మనిషి అనుకుంటూ వచ్చింది. ఆమె రిపోర్టులు మాత్రం రాఘవయ్య టేబుల్ మీదికి వస్తాయి.

"మధురానగర్, మూడో అంతస్తు, 304," అన్నాడు రాఘవయ్య. "మంజూష లోపలే ఉంది. ఆమె మీద వాళ్లకు అనుమానం మొదలైంది. మెయిన్ డోర్‌కి సెన్సర్ పెట్టారు. తలుపు కదిలితే ఆమెను కాల్చేస్తారు. పక్క ఫ్లాట్ వాష్ ఏరియా నుంచి పిట్టగోడ దాటడం ఒక్కటే దారి." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పక్క ఫ్లాట్ అంటే 303. క్రితంసారి నువ్వు పగలగొట్టింది అదే."

భార్గవ్ నేల చూశాడు. "వారెంట్?"

"మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చే వ్యవధి లేదు. ప్రాణాపాయం ఉంది, సాక్ష్యం మాయమయ్యే ప్రమాదం ఉంది. కారణం కాగితం మీద రాసుకో, కెమెరా ఆన్ చేసుకో, వెళ్లు. ఈసారి చట్టం నీ వైపే ఉందయ్యా."

ఈసారి! ఆ మాట భార్గవ్‌ను అమీర్‌పేట ట్రాఫిక్ పొడుగునా వదల్లేదు.

పదకొండు రోజుల క్రితం మంజూష పంపిన మెసేజ్: 'మూడో అంతస్తు. ఫ్లాట్ నంబర్ రేపు చెబుతా.' రేపటిదాకా ఆగడం భార్గవ్‌కు చేతకాలేదు. ముఠాను ఒంటిచేత్తో పట్టుకున్నాడని అనిపించుకోవాలి. ఒక తలుపు ఎంచుకున్నాడు, తన్నాడు. లోపల స్కూల్ వ్యాన్ డ్రైవర్ రాజనర్సయ్య అన్నం తింటున్నాడు. అతని భార్య సత్తెమ్మ స్నానం చేసి తడి చీరతో బయటికి వస్తోంది. ఆమె చాటుకు వెళ్లే వరకైనా భార్గవ్ ఆగలేదు. రాజనర్సయ్యను కంచం ముందు నుంచి లేపి, అంతా చూస్తుండగా మెట్ల మీద కూర్చోబెట్టాడు. బీరువా కుమ్మరించాడు. ఏమీ దొరకలేదు.

రిపోర్టులో మాత్రం ఇలా రాశాడు: 'లోపలి నుంచి స్త్రీ కేకలు వినిపించినందున ప్రవేశించితిని. కెమెరాలో చార్జింగ్ లేదు.'

ఎవరూ కేకలు వేయలేదు. చార్జింగ్ నిండా ఉంది.

ఐదూ ముప్పై. వాటర్ ఫిల్టర్ సర్వీసు యూనిఫారంలో భార్గవ్, జూనియర్ వివేక్ మూడో అంతస్తు చేరారు. 303 తలుపు చట్రానికి కొత్త చెక్క ముక్క అతికించి ఉంది. రంగు ఇంకా వేయలేదు.

"తోసేద్దామా సార్?" గుసగుసగా అడిగాడు వివేక్.

"చప్పుడు పక్కకు వినిపిస్తుంది."

భార్గవ్ వేళ్లతో మెల్లగా తట్టాడు. గొలుసు ఉన్నంత మేరకే తలుపు తెరుచుకుంది.

"టోపీ తియ్యి, మొఖం చూడనియ్యి," అంది సత్తెమ్మ. తీశాడు. "నువ్వేనా? మల్ల వచ్చినవా?"

"అమ్మా, పక్క ఫ్లాట్‌లో ఒక అమ్మాయి ప్రాణం..."

"ఆ దినం నేను మొత్తుకున్ననని రాసినవట గద. మేజిస్ట్రేట్ కాడికెళ్లి కాగితం తెచ్చుకున్నం. మా బిడ్డ దివ్యశ్రీ సదివి చెప్పింది. నేను మొత్తుకున్ననా?"

భార్గవ్ పెదవులు తడుపుకున్నాడు. "ఏదో వినిపించినట్టు అనిపించి..."

తలుపు మూసుకోబోయింది. సందు సన్నబడి ఆగింది.

"నా మొగుని వ్యాన్ల పదిహేడు మంది పిల్లలుండె," అందామె సందులోంచి. "గిప్పుడు ఒక్కరు లేరు. పెండ్లాన్ని చావగొడుతుంటే పోలీసులొచ్చిన్రని గల్లీ అంత అనుకుంటున్నరు. ముప్పై ఏండ్ల సంది నా మీద చెయ్యెత్తని మనిషి. గాయన గడప దాటి తొమ్మిది దినాలాయె."

వివేక్ వాచీ చూశాడు. "సార్, ఐదు నిమిషాలు. కెమెరా ఆపనా?"

"ఆపకు బిడ్డా," అంది సత్తెమ్మ. "గా కెమెరా నడుస్తుంటెనే నిజం చెప్పుమను."

భార్గవ్ వివేక్ జేబుకు తగిలించిన కెమెరా వైపు తిరిగాడు.

"ఆ రోజు ఈ ఇంట్లో ఎవరూ అరవలేదు. రాజనర్సయ్య గారు ఎవర్నీ కొట్టలేదు. లోపలికి వెళ్లడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. పేరు కోసం వెళ్లాను. తర్వాత అబద్ధం రాశాను. కెమెరా నేనే ఆపాను."

"గింత మెల్లగ చెప్తే ఎవలకినవడ్తది?"

"గోడ అవతలివాడికి వినబడకూడదమ్మా. ఇది మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తుంది. నేనే పంపిస్తాను."

సత్తెమ్మ అతని ముఖాన్ని కొలిచి చూసింది. గొలుసు తీసింది.

"రా లోపటికి. చెప్పులిడ్సి రా."

షూ విప్పాడు. రాజనర్సయ్య అతని వైపు చూడలేదు. వాష్ ఏరియాలోకి వెళ్లి, బకెట్ జరిపి, పిట్టగోడ కింద ప్లాస్టిక్ స్టూలు వేసి పక్కకు తప్పుకున్నాడు. 'సారీ' అన్న మాట భార్గవ్ నోటిదాకా వచ్చి, మరీ చిన్నదిగా తోచి, ఆగిపోయింది.

పిట్టగోడ దాటాడు. వట్టి కాళ్లు, చప్పుడు లేదు. 304 హాల్లో మంజూష కుర్చీలో నిటారుగా కూర్చుంది. వెనక పిస్తోలుతో ముఠా మనిషి. లాప్‌టాప్ తెరమీద అంకెలు: తొమ్మిది, ఎనిమిది, ఏడు...

జేబులోని పెన్ నిజానికి సిగ్నల్ జామర్. పది అడుగుల లోపలే పనిచేస్తుంది. భార్గవ్ నాలుగు అడుగులు వేశాడు. తెరమీద మూడు, రెండు... నొక్కాడు.

'నో కనెక్షన్' అంది తెర.

ముఠా మనిషి గిర్రున తిరిగాడు. మంజూష హైహీల్ అతని పాదం మీద దిగింది. భార్గవ్ పిడికిలి మిగతా పని చేసింది.

"ఏంటంత లేటు?" అంది మంజూష జుట్టు సరిచేసుకుంటూ.

"గుమ్మం దగ్గర టైం పట్టింది."

"షూ ఏవి?"

"అక్కడే."

మర్నాడు రాఘవయ్య రికార్డింగ్ చూసి తలుపు వేసుకున్నాడు. "నలభై ఒక్కమందిని కాపాడావు. ఆ గుమ్మం ముక్క కత్తిరించేద్దాం. ఎవరికీ తెలియదు."

"ఆవిడ నన్ను లోపలికి రమ్మన్న మాట కూడా ఆ ముక్కలోనే ఉంది సార్. అది తీసేస్తే ఎలా వెళ్లానని రాయమంటారు? మళ్లీ కేకలు వినిపించాయనా?"

రాఘవయ్య వేసిన తలుపు మళ్లీ తెరిచాడు. నలభై ఎనిమిది గంటల్లోపు రికార్డింగ్ మొత్తం మేజిస్ట్రేట్‌కు చేరింది. కాపీ ఇవ్వడానికి భార్గవ్ 303కి వెళితే, రాజనర్సయ్య గుమ్మంలోనే తీసుకుని తలుపు వేసుకున్నాడు. అసలు సంగతి గల్లీలో తెలిసి, వారం తిరిగేసరికి వ్యాన్‌లోకి నలుగురు పిల్లలు తిరిగి వచ్చారు. పదమూడు మంది రాలేదు.

సస్పెన్షన్ ఆర్డర్ ఆ వారమే వచ్చింది. కారణం లేకుండా ఇంట్లోకి చొరబడటం, అబద్ధపు రిపోర్టు, కెమెరా ఆపడం. భార్గవ్ రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టాడు. డిపార్ట్‌మెంట్లో కారణాలన్నీ ఉన్నదున్నట్టు రాసిన కాగితం చూడటం అతనికి అదే మొదటిసారి.