బండి లేటన్న అబద్ధం

రైలుకట్ట పక్కనున్న పెంకుటింట్లో వరహాలమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. రాయపూర్‌లో ఆమెకు గడియారంతో పనిలేదు. పెనిమిటి బంగారయ్య నాగపూర్ బండిలో వస్తుంటే, డ్రైవరు ఈ ఇంటి దగ్గర రెండు పొట్టి కూతలు వేస్తాడు. డ్రైవర్లంతా ఒకప్పుడు అతనితో కలిసి సమ్మె చేసినవాళ్ళే. కూత వినగానే ఆమె ఎసట్లో బియ్యం పోస్తుంది. అతను స్టేషన్లో దిగి నడిచొచ్చేసరికి అన్నం వార్చి ఉంటుంది.

ఆ రోజూ కూత వినిపించింది. అన్నం ఉడికింది, చల్లారింది కూడా. మనిషి మాత్రం ఎండెక్కాక వచ్చాడు.

"బండి లేటయిపోనాది," అన్నాడు చెప్పులు విప్పుతూ.

ఏళ్ళ తరబడి ఇంజన్లో బొగ్గేసిన మనిషి, రైలు కూతల మీద కాపురం నడిపిన ఆడదానితో అనాల్సిన మాటేనా అది? మొదటి ఎన్నికల్లో గెలిచి ఎమ్మెల్యే అయ్యాక తెలివి పెరగాలి గానీ, ఇతనికి ఉన్నది కాస్తా పోయినట్టుంది. కిందటి వారమూ ఇదే మాట చెప్పాడు. అతను కాళ్ళు కడుక్కుంటుంటే వరహాలమ్మ విప్పిన లాల్చీ వాసన చూసింది, జేబులు తడిమింది. ఊళ్ళో పండరీ పేటలో ఎవత్తెనైనా చేరదీశాడేమోనన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. అనుమానానికి సిగ్గుండదు కదా.

అన్నం వడ్డిస్తుండగా ఆమె తమ్ముడు చిన్నారావు వచ్చాడు. రైలు షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి, మసి కూడా కడుక్కోలేదు.

"కూకో, ఇంత తిందువుగాని."

"నాకొద్దప్పా." గుమ్మంలోనే నిలబడ్డాడు. "బావా, బండి దిగి ఎక్కడికెల్లినావు?"

"తిన్నగా ఇంటికే."

"ఝూట్. ఫోర్‌మన్ సాబు బంగళా ఎనక గుమ్మంలోంచి నువ్వొస్తుంటే నాతో పనిసేసే దానయ్య సూసినాడు. కిందటి వారం నానూ సూసినాను, నా కళ్ళని నానే నమ్మనేదు."

వరహాలమ్మ గరిటె కింద పెట్టేసింది. సమ్మెలో "తప్పయిందను, పనిలో ఉంచుతాను" అన్నది ఆ ఫోర్‌మనే. "పని పోతే పోనీ, గంజి తాగుదాం, వంగకు" అని ఆనాడు మొగుడికి చెప్పింది తనే. అతను వంగలేదనే కదా జనం ఓటేసి నాగపూర్ అసెంబ్లీకి పంపారు.

"షెడ్డులో మనుషుల్ని తీసేస్తారని తెలిసి కూడా నాగపూర్లో నువ్వు నోరెత్తనేదట," అన్నాడు చిన్నారావు. "అమ్ముడుపోనావా బావా? సాయంత్రం షెడ్డు గేటు మీటింగులో అందరి ముందూ అడుగుతాను. ఆ తర్వాత ఈ గడప తొక్కను."

"అతన్ని సెప్పనీరా," అంది వరహాలమ్మ.

బంగారయ్య కంచంలో చెయ్యి కడిగేశాడు.

"అమ్ముడుపోనాన్రా. నీకోసమే. తీసేసేవోళ్ళలో నువ్వున్నావు, దానయ్యా ఉన్నాడు. నిన్నొక్కణ్ణీ ఉంచుతానన్నాడు సాబు. నాగపూర్లో ఈ ఊసెత్తకూడదు, గేటుకాడ మెత్తగా మాటాడాలి. అదీ బేరం."

"నిన్నెవరడిగినారు?"

బంగారయ్య కంచం పక్కకి జరిపాడు. భార్య వైపు మాత్రం చూడలేదు. కానీ ఆమెకు తెలిసిపోయింది. తమ్ముడికి బిడ్డ పుట్టిన రోజున, బంగారయ్య చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "మా తమ్ముడి పని పోనివ్వనని నా మీద ఒట్టెయ్యి" అన్నది ఎవరు మరి? ఎవత్తె దగ్గరికో పోతున్నాడనుకుంది. తనే పంపింది, ఆ వెనక గుమ్మానికి.

"నానే అడిగినాన్రా." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "మొగుడి పని పోయేటప్పుడు వంగొద్దన్నాను. తమ్ముడి పని అనేసరికి నానే మెడపట్టి వంచీసినాను."

చిన్నారావు గుమ్మంలోనే కూలబడ్డాడు. "దానయ్య మొహం ఎలా సూడమన్నావప్పా? ఇద్దరం ఒకే ఇంజను కింద పడుకుని పనిసేస్తాం. నాకొద్దీ పని."

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ ఒట్టు తీసి గట్టున పెట్టీ మావా. సాయంత్రం జరిగిందంతా సెప్పీ."

"సెప్తే మొహాన ఉమ్ముతారే."

"ఉమ్మనీ. పక్కన నానుంటాను."

గేటు మీటింగులకు ఆడవాళ్ళు వెళ్ళే అలవాటు లేదు. ఆమె వెళ్ళింది. బంగారయ్య ఏదీ దాచకుండా చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దానయ్య ముందుకొచ్చి, "మరి నాగపూర్లో ఏటి సెప్తావు?" అనడిగాడు.

"అందరి పేర్లూ సెప్తాను. మొదట నీదే."

దానయ్య కాసేపు అతన్ని అనుమానంగానే చూశాడు. తర్వాత చిన్నారావు పక్కకెళ్ళి నిలబడ్డాడు.

వారం తిరక్కుండానే ఇద్దరి పనీ పోయింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ వరహాలమ్మ వంటింట్లో పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. అదే వేళకి నాగపూర్ సభలో బంగారయ్య లేచి నిలబడి దానయ్య పేరు చదువుతున్నాడు. మారన్నం వడ్డిస్తూ ఆమె ఏడ్చింది, దిక్కుమాలిన ఏడుపు, ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏటప్పా అది, పని పోనాది నాకు," అన్నాడు దానయ్య. "కొంచెం పులుసు పొయ్యి."