నడి ఏటి పన్ను

సాయంత్రం నాలుగు గంటలు. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. గాలి లేదు. పడమట కొండ వెనక మాత్రం ఒక మబ్బు లేచింది.

కృష్ణ ఎడమ గట్టున, పడవల రేవు దగ్గర, షామియానా కింద ఒక బల్ల మీద టేబుల్ ఫ్యాన్ పెట్టారు. కరెంటు ఇచ్చారు. స్విచ్ వేశారు. రెక్క కదల్లేదు.

"చూశారా!" అన్నాడు డాక్టర్ రఘునందన్, ఫ్యాన్ తిరగనందుకు మురిసిపోతూ.

"మా ఇంట్ల గూడ అసొంటిదే ఉంది సారూ. దానికెవరూ షామియానా వెయ్యలె" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు.

సైదమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు ఏటి మీద ఉన్నాయి. ఆమె మిరపకోతల ముఠాకు మేస్త్రి. ముఠాలో పదిమంది ఆడవాళ్లు పొద్దున్నే పడవెక్కి అవతలి గట్టు చేలకు పోతారు, పొద్దుగూకే లోపల తిరిగొస్తారు. ఆన్‌లైన్‌లో సరుకు కొన్నవాళ్లు ఈ రేవుకు రావాలని డాక్టరు కబురు పెడితే ఇవాళ సైదమ్మ ఆగిపోయింది. తన బదులు కూతురు అఖిలను పంపింది.

సంగతేమిటో ముందు చెప్పుకోవాలి. ఏటికి అటొక రాష్ట్రం, ఇటొక రాష్ట్రం. పేర్లు మనకెందుకు, ఎడమ గట్టు, కుడి గట్టు అందాం. ఒక రాష్ట్రంలోని దుకాణం నుంచి ఇంకో రాష్ట్రంలోని మనిషి ఆన్‌లైన్‌లో ఏదైనా కొంటే, దాని మీద పన్ను అమ్మినవాడి రాష్ట్రానికి కాదు, వాడుకునేవాడి రాష్ట్రానికి చేరాలి. రూలు మంచిదే. కానీ ఏ రాష్ట్రానికారాష్ట్రం తన రేటు తాను పెట్టుకోవడం మొదలైన ఏడాదే ఏటి ఒడ్డు జనం దానికో దారి కనిపెట్టారు. మిక్సీ మీద కుడి గట్టున పన్ను తక్కువైతే అవతలి ఊళ్లోని మేనత్త చిరునామా ఇచ్చేవారు. పార్సిలు అక్కడ దిగేది, సాయంత్రం పడవలో ఇవతలికొచ్చేది. దీన్ని వాళ్లు 'అవతల దింపుకోవడం' అనేవారు. పిల్లనివ్వబోయే ముందు కూడా, మీకు అవతలి గట్టున చుట్టాలెవరున్నారని అడిగేవారు.

ఆ దారి మూయడానికే డాక్టర్ రఘునందన్ హద్దు బిళ్ళను తయారుచేశాడు. పెసరగింజంత ఉంటుంది. ఫ్యాక్టరీలోనే ప్రతి వస్తువు లోపలా పెట్టేస్తారు. కొనేటప్పుడు ఎక్కడ వాడతారో చెప్పాలి, అక్కడి పన్ను కట్టాలి. వస్తువును మొదటిసారి వాడగానే బిళ్ళ ఉపగ్రహాన్ని అడిగి తానెక్కడుందో తెలుసుకుంటుంది. చెప్పినచోటే ఉంటే తెరుచుకుని, ఆపైన వస్తువుకు అడ్డు రాదు. వేరేచోట ఉంటే తేడా కట్టేదాకా వస్తువును పనిచేయనివ్వదు. కుడి గట్టున వాడతామని రాసి కొన్న బల్ల మీది ఫ్యాను ఇవతల తిరగనిది అందుకే.

దీనికీ జనం దారి కనిపెట్టారు. ఇప్పుడు మిక్సీని మేనత్త ఇంట్లోనే విప్పి, ఒక వాయి అల్లప్పచ్చడి రుబ్బి మరీ తెస్తున్నారు. ఆ సంగతి డాక్టరుకూ తెలుసు.

"అది చట్టప్రకారం తప్పు కాదు. పచ్చడి తినేది మేనత్తే కాబట్టి" అన్నాడాయన. తర్వాత సైదమ్మ వైపు తిరిగాడు. "మీరేం కొన్నారమ్మా?"

"లైఫ్ జాకెట్లు సారూ. మా ఆడోళ్లకు. తీగ లాగితే గ్యాసుతో ఉబ్బుతయట."

"వాడకం ఎక్కడని రాశారు?"

"కుడి గట్టని రాసిన. అవి బట్టల లెక్కల వస్తయట. బట్టలకు ఆడ పన్ను లేదు."

"మరి అక్కడ ఒకసారి వాడి చూశారా?"

"ఎట్ల చూస్తం? జాకెట్టుకు ఒక్కటే గ్యాసు బుడ్డి. లాగితే అయిపోతది. అక్కర పడేదాక ఎవ్వరూ తీగ ముట్టొద్దని చెప్పిన."

డాక్టరు తల ఊపబోయి ఆగాడు. ఏదో మనసులో మెదిలినట్టు ఏటి వైపు చూశాడు.

అప్పటికే మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. షామియానా ఒక్క ఊపున లేచిపోయింది. బల్ల బోర్లా పడింది. గాలి ఏటి వెంబడి వీస్తోంది. నడి ఏట్లో, ముఠాను ఎక్కించుకుని వస్తున్న బాలస్వామి పడవ ఒక పక్కకు ఒరగడం సైదమ్మ చూసింది. ఆ తర్వాత వాన తెర దిగింది. ఇంకేం కనపడలేదు.

ఆమె చేతిలోని ఫోను మోగింది.

'మీరు కొన్న లైఫ్ జాకెట్ మొదటిసారి వాడకంలోకి వచ్చింది. స్థల నిర్ణయం పెండింగ్.'

సైదమ్మ చదివే లోపలే మళ్లీ మోగింది. మళ్లీ. మళ్లీ. ఒక్కో మోతా ఒక్కో మనిషి నీళ్లలో తీగ లాగడం. వానలో కళ్లకు కనపడనిది చేతిలో వణుకుతోంది. తొమ్మిదిసార్లు మోగి ఆగిపోయింది.

"పెండింగంటే ఏంది సారూ?"

డాక్టరు ఆ ఫోను లాక్కుని చూశాడు. "రెండు రాష్ట్రాల సర్వే మ్యాపులూ కలవవు. నడి ఏరు మాదంటే మాదని రెండూ అంటాయి. ఆ నీళ్లలో ఉంటే బిళ్ళ ఎవరి మాటా వినదు. ఇద్దరూ తేల్చేదాకా తెరవదు, జాకెట్టు ఉబ్బదు."

"ఎప్పుడు తేలుస్తరు?"

"నేను చెక్‌పోస్టుల దగ్గర పరీక్షించానమ్మా. రోడ్డు మీద హద్దు అంటే గీత. ఇక్కడింత వెడల్పు ఉంటుందనుకోలేదు."

"ఎప్పుడు సారూ?"

ఆయన ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"నా బిడ్డ ఉంది ఆడ. తెరువు."

"నా చేతిలో లేదు. ఎవరూ దొంగదారిన తెరవకుండా నేనే చేశాను. వాడకం ఎక్కడన్నది కొన్నవాళ్లు తప్ప ఇంకెవరూ మార్చలేరు."

సైదమ్మ ఎడమ గట్టని నొక్కింది. పెండింగ్. కుడి గట్టని నొక్కింది. పెండింగ్. రెండు పన్నులూ కడతానని ఫోనుకే అరిచింది. దానికేం వినపడుతుంది? గాలి ఏటి వెంబడే ఉంది కాబట్టి మనుషులు ఏ గట్టుకూ కొట్టుకురారు. నడిమధ్యే ఉంటారు. అది ఆమెకు తెలుసు, ఆయనకూ అర్థమైంది.

"ఒకటుంది" అన్నాడు డాక్టరు. "దేశం దాటిపోయే సరుకు మీద ఏ రాష్ట్రానికీ పన్ను లేదు. ఎక్స్‌పోర్ట్ అని రాస్తే బిళ్ళ ఎవర్నీ అడగదు. వెంటనే తెరుస్తుంది. కానీ అది అబద్ధపు డిక్లరేషన్. రేపు మీ మీద కేసు..."

"యాడ నొక్కాలె?"

దేశాల పేర్లు వరసగా వచ్చాయి. సైదమ్మ వేలు ఎక్కడ పడితే అక్కడ నొక్కింది. ఫిజీ. వేలిముద్ర అడిగింది. ఏళ్ల తరబడి తొడిమలు గిల్లీ గిల్లీ అరిగిన బొటనవేలు, అందులోనూ తడి. ముద్ర పడలేదు. రెండోసారీ పడలేదు. డాక్టరు తన చొక్కా అంచుతో ఆ వేలిని గట్టిగా తుడిచి, తన నోటితో ఆవిరి ఊది, ఫోను మీద అదిమిపట్టాడు.

'ఎగుమతి నమోదైంది. ధన్యవాదాలు.'

వాన కాస్త పలచబడింది. దూరంగా నీళ్ల మీద నారింజరంగు మచ్చలు ఒక్కొక్కటే పొంగి పైకి తేలాయి. రేవులో ఉన్న జనం కేక పెట్టారు. సైదమ్మ పెట్టలేదు. తీగ లాగనిది ఎవరో ఆమెకింకా తెలియదు.

గాలి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే పోయింది. చేపలోళ్లు రెండు గట్ల నుంచీ పుట్టీలు దింపారు. ఏ రాష్ట్రంవాడు ఎవరిని ఎక్కించుకున్నాడో అడిగినవాడు లేడు. మొదటి పుట్టీలో నలుగురు వచ్చారు. రెండోదాంట్లో బాలస్వామి, ఇంకో నలుగురు. అఖిల లేదు.

ఆఖరి పుట్టీ చాలాసేపటికి వచ్చింది. అందులో ముఠాలో అందరికన్నా పెద్దది లింగమ్మ, బెలూనులా ఉబ్బిన జాకెట్లో గడ్డం దాకా మునిగి కూర్చుంది. ఆమె పక్కన అఖిల. అఖిల జాకెట్టు మడత మడతలాగే ఉంది.

"తీగ ఎందుకు లాగలేదే?" అంది సైదమ్మ.

"నువ్వే ముట్టొద్దంటివి గద" అంది అఖిల, పళ్లు టకటకలాడుతుండగా.

అది ఎగతాళో, నిజమో, సైదమ్మకు ఎన్నటికీ తెలియలేదు. అడగలేదు కూడా.

"నీ బిడ్డ నా జుట్టు ఊడబీకింది" అంది లింగమ్మ. "పట్టుకుంటే వదిలితేనా! నాకు ఈత రాదని దానికెవరు చెప్పిండ్రో."

"ఊరంతా తెలుసులే అత్తా" అంది అఖిల.

అందరూ మెట్లెక్కి రేవు గేటు దగ్గరికొచ్చారు. గేటు దగ్గర బిళ్ళల్ని చదివే మిషను ఒకటి ఉంది, అదీ డాక్టరు పెట్టించిందే. లింగమ్మ ముందుకు రాగానే అది కూసింది. అడ్డకర్ర దిగింది.

'విదేశీ సరుకు. ఫిజీ నుంచి దిగుమతి. కస్టమ్స్ అనుమతి వచ్చేవరకు నిలపవలెను.'

గేటు కాపలా అతను నీళ్లు నమిలాడు. "అమ్మా, మిమ్మల్ని కాదు. జాకెట్లు. అవి ఇక్కడ విప్పిపెట్టి పోండి. ఆఫీసరొచ్చేదాకా నేను వదలడానికి లేదు."

"ఫిజీ అంటే యాడనే సైదమ్మా?" అంది లింగమ్మ. "పోయొచ్చినమంట. కూలి ఎంతిస్తరో అడిగి చెప్పకపోతివి."

చలికి వణుకుతూనే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వు మధ్యలోనే ఒకామె ఏడుపందుకుంది. డాక్టర్ రఘునందన్ గేటు పక్కన తడిసి నిలబడ్డాడు. అడ్డకర్రను రెండు చేతులా పట్టి పైకెత్తబోయాడు. అది లేవలేదు. గట్టి మోటారు పెట్టించింది ఆయనే.

ఆ తర్వాత జరిగింది పేపర్లలో వచ్చింది. నెల తిరగకుండానే ఆ ఒడ్డున కొన్న ప్రతి మిక్సీ, ప్రతి ఫ్యాను, చివరికి పెళ్లికూతుళ్ల పట్టుచీరలు కూడా ఫిజీకే ఎగుమతయ్యాయి. నాలుగు పడవలున్న ఆ రేవు పేరు దేశంలోని పెద్ద ఎగుమతి రేవుల పక్కన అచ్చయింది. దానికి అవార్డు ఇవ్వాలా, కేసు పెట్టాలా అని రెండు రాష్ట్రాలూ చాలాకాలం ఉత్తరాలు రాసుకున్నాయి. బిళ్ళ అమ్మకాలు మాత్రం ఆగలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం గేటు జాకెట్టుతో ఒక్కర్ని మాత్రం ఏ అడ్డూ చెప్పకుండా లోపలికి వదిలింది. అఖిలను. ఆమె జాకెట్టు బిళ్ళ ఏమీ వాడకంలోకి రాలేదని, కుడి గట్టున పన్ను లేని బట్టేనని చెప్పి ఊరుకుంది.

మిగతావాళ్లు జాకెట్లు విప్పి కాపలా అతని బల్ల మీద కుప్ప పోశారు. మిషను వాటిని ఒక్కొక్కటే చదివి, 'దిగుమతి సరుకు, తొమ్మిది' అని చెప్పింది.

సైదమ్మ దాని మాట వినలేదు. గేటుకు ఇవతల నిలబడి, దాటొస్తున్న ఒక్కొక్కరి తడి తల మీదా చెయ్యి వేసింది. ఒకటి. రెండు. పేర్లు నోటికి రావట్లేదు, అంకెలే వస్తున్నాయి. తొమ్మిదో తల లింగమ్మది. ఆగి, పక్కకు చూసి, తన పైట చెంగులో తల తుడుచుకుంటున్న కూతురి మీద చెయ్యి వేసింది. పది. వెనకాల బాలస్వామి, చేతులు కట్టుకుని, తనను కూడా లెక్కపెడుతుందో లేదోనని చూస్తున్నాడు.

"రా" అంది సైదమ్మ. "పదకొండు."