బుధవారం చీటీ

“ఎవడే వాడు?”

ఎలిశిబా చీటీ ఎత్తి చూపించింది. కూతురు ఇషిత రికార్డు పుస్తకంలోంచి జారిపడ్డ చీటీ! ‘బుధవారం మూడున్నరకు తప్పక రా. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.’ ఎవరికీ చెప్పొద్దట... కన్నతల్లికి కూడానా?

“ఎవడూ లేడమ్మా...” ఇషిత తల దించుకుంది. అలా తల దించుకున్న పిల్ల మాట ఏ తల్లి నమ్ముతుంది చెప్పండి! నెల రోజులుగా చూస్తూనే ఉంది ఎలిశిబా. బుధవారం వస్తే చాలు, డిగ్రీ కాలేజీ నుంచి గంట ఆలస్యం. కళ్లు ఎర్రగా ఉంటాయి. అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగదు. ఇవి దేనికి గుర్తులో మెదక్‌లో ఏ అమ్మనడిగినా చెబుతుంది!

“వచ్చే బుధవారం తర్వాత కాలేజీ బంద్!” అనేసింది. ఆ ఒక్క బుధవారం వాణ్ని పట్టుకోవడానికి!

ఎలిశిబా మనసు వెన్నే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. గురువారం చర్చిలో స్త్రీల కూడిక. ప్రార్థన మనవులు చెప్పమనగానే ఎప్పటిలా ముందు లేచింది. “నా బిడ్డ ఎవడి వలలనో పడ్డది అక్కా... ప్రార్థన చేయుండ్రి!” అని వెక్కివెక్కి ఏడ్చింది. నలభై మంది కళ్లు మూసుకుని ప్రార్థించారు, ఇళ్లకెళ్లి నోళ్లు తెరిచారు. శనివారానికల్లా కూరగాయల బండి దగ్గర, కూడికకు వచ్చే భాగ్య “పెండ్లెప్పుడే?” అని ఇషితనే అడిగింది!

బుధవారం ఎలిశిబా ఆటో ఎక్కి కూతురి వెనకే వెళ్లింది. వాణ్ని ఇవాళ పట్టుకోవాల్సిందే! ఇషిత లైబ్రరీ వెనక చిన్న గదిలోకి దూరింది. ఎలిశిబా ధడాలున తలుపు తోసింది.

లోపల మగపురుగు లేదు. కూతురికి ఎదురుగా కాలేజీ కౌన్సెలర్, నడివయసు సృజన మేడం. గోడ మీద ‘విద్యార్థుల సహాయ కేంద్రం’ అని బోర్డు.

“నా బిడ్డ ఏం చెప్తున్నది మీకు?”

“కూసోండ్రి అమ్మా. ఈడ పిల్లలు చెప్పింది ఈడనే ఉంటది. ఆ చీటీ నేనే ఇచ్చిన.”

“నేను తల్లిని!”

“అయితే ఆమెనే అడుగుండ్రి.”

ఇషిత ఏడుపు ఆపుకోలేకపోయింది. “పరీక్ష హాల్ల చేతులు వణుకుతున్నయమ్మా... రెండు పేపర్లు ఏం రాయకుండనే ఇచ్చి వచ్చిన. నిద్ర వస్తలేదు. ఒక్కోనాడు బతకాలనిపించలే... మేడం దవాఖానకు గూడ తోలుకపోయింది.”

“అయ్యో ప్రభువా! నాకెందుకు చెప్పలే బిడ్డా?”

“ఇంటర్ల లెక్కలు పోయినయని చెప్తే గురువారం మనవి పెట్టినవు. ఆరు నెలలు గల్లీ అంత నన్ను లెక్కలే అడిగిండ్రు. ఇది గూడ చెప్తే...”

కాలేజీ మాన్పించి ఎలిశిబా తన చేత్తోనే కూతురికి ఈ తలుపు మూసేయబోయింది కదా! కూతుర్ని గుండెకు హత్తుకుని, “నువ్వు ఈడికే రా బిడ్డా... ప్రతి బుధవారం రా,” అంది. తర్వాత బయటికి వచ్చి, మూడున్నర దాటి గంటయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది.

మర్నాడు కూడికలో నలభై తలలూ ఆమె వైపే తిరిగాయి. ఎలిశిబా లేచింది.

“పోయిన వారం నేను చెప్పింది అబద్ధం. నా బిడ్డ తప్పేం లేదు. నా నోటి కోసం ప్రార్థన చేయుండ్రి.”

“మరి పిల్లకేమైంది అక్కా?” భాగ్య ముందుకు వంగింది.

ఎలిశిబా అప్పటికే కూర్చుని కళ్లు మూసుకుంది.