మిరియం తిన్న పల్లీపట్టీ

ఉదయం ఏడున్నర. మిర్యాలగూడలోని ఆ ఇంట్లో ఉప్మా పోపు వాసన, స్కూలు బెల్టు కోసం వెతుకులాట ఎప్పటిలాగే సాగుతున్నాయి. పదేళ్ల మనీషా మాత్రం పంజరం ముందు కూర్చుండిపోయింది. ఆమె పెంచుకుంటున్న డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ మిరియం, బొటనవేలంత ఉండే ఎలుకలాంటి జీవి, లోపల ఒక మూలకు ముడుచుకుని ఉంది. రాత్రి నింపిన నీళ్ల సీసా ఖాళీ అయింది. కింద పరిచిన రంపపు పొట్టు తడిసి ముద్దయింది. ఒక కంటి మీద తెల్లని పొర కమ్ముతోంది.

"మమ్మీ, నీళ్లన్నీ తాగేసింది. ఉరికే చక్రం గూడ ఎక్కుతలేదు."

సుకన్య గరిటెతోనే వచ్చి చూసింది. సూర్యాపేటలోని పశువుల డాక్టరు నిన్న చెప్పిన మాట ఆమెను వదలలేదు. దానికి షుగర్ వచ్చింది. ఎవరో రోజూ తీపి పెడుతున్నారు. ఇకనైనా ఆపకపోతే బతకదు.

కానీ ఆ ఇంట్లో తీపి ఎక్కడిది? షుగర్ ముదిరి అత్తగారు లీలావతికి కాలి వేలు తీసేసిన నాటి నుంచి బెల్లం, చక్కెర, ఖర్జూరం అన్నీ అల్మారాలోనే ఉన్నాయి. తాళంచెవి సుకన్య కొంగున ఉంది. బయటి నుంచి వచ్చే మనిషి గౌరీబాయి ఒక్కతే. మాడుగులపల్లి దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చి పని చేసిపోతుంది.

అప్పుడే వచ్చిన గౌరీబాయి సంచిని అరుగు మీద పెట్టింది. అందులోంచి పల్లీపట్టీల పొట్లం బయటికి జారింది.

"గివి ఎవరికి గౌరీ?" గడప దాటి వచ్చిన సుకన్య అడిగింది.

గౌరీబాయి తల దించుకుంది.

"నాకు సమజైంది. మొదటి సంది దాన్ని ఎలుక, ఎలుక అంటనే ఉన్నవ్. పంజరం కడుగుడు తప్పుతదని తీపి పెట్టి సంపుతున్నవా?"

"నేను పెట్టలే అక్కా. దేవుని తోడు."

"మరి ఎవరికి తెచ్చినవో చెప్పు!"

పక్కింటి వెంకటమ్మ గోడ మీదుగా తల ఎత్తింది. "ఏంది సుకన్యా, దొంగతనమా?"

"పానం తీసుడు, చిన్నమ్మా! రేపటి సంది నువ్వు రాకు గౌరీ."

వెనుక గదిలో మంచం మీద లీలావతి ప్రతి మాటా వింది. ఆమె గేటు దాటి నాలుగు నెలలైంది. తిండి కొలత ప్రకారం వస్తుంది, అడిగింది రాదు. గౌరీబాయిని బతిమాలి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, ఆమెతో పల్లీపట్టీలు తెప్పించుకునేది. తను సగం తిని, ఎవరూ చూడనప్పుడు వాకర్‌తో ముందు గదిలోకి వచ్చి, కిటికీ పక్కనున్న పంజరపు కడ్డీల మధ్య నుంచి ఒక ముక్క మిరియానికి అందించేది. బెల్లం చక్కెర వంటిది కాదని, చలువ చేస్తుందని ఆమె నమ్మకం. నిన్న డాక్టరు మాట తెలిసినప్పుడు కారణం తన పట్టీ ముక్కలేనని ఆమెకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. విప్పితే మిగిలిన ఆ ఒక్క సందు కూడా మూసుకుపోతుంది.

గౌరీబాయి సంచి భుజాన వేసుకుంది. గేటు గడియ చప్పుడైంది.

"ఆగు గౌరీ!"

లీలావతి వాకర్‌ను ఈడ్చుకుంటూ గడప దగ్గరికి వచ్చింది. "అవి నాకు తెచ్చింది. మిరియానికి పెట్టింది నేను."

మనీషా బిత్తరపోయింది. "నానమ్మా, నువ్వా?"

"బెల్లమే కదా, ఏం గాదనుకున్న బిడ్డా."

"అత్తమ్మా! వేలు తీసినంక గూడనా?" సుకన్య ఆమె కాలి కట్టు వైపు చూసింది.

"తాళమేసి తిండి పెడితే దొంగతిండే తింటరు సుకన్యా."

"నాకు భయమైతది అత్తమ్మా. కట్టు మార్చినప్పుడల్లా ఇంకో వేలు పోతదేమోనని సూస్త. తాళమెయ్యక ఏం చెయ్యాలె?" ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

లీలావతికి ఆ భయం ఇంతకాలం అధికారంలా కనిపించింది. అయినా ఆమె స్వరం సడలలేదు.

"మన సంగతి లోపల మాట్లాడుకుందాం. గౌరీని వాకిట్ల, నలుగురు వినంగ అన్నవు. మాఫీ గూడ గాడనే అడుగు."

సుకన్య గేటు దాకా నడిచింది. వెంకటమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. "గౌరీ, నేను అన్నది తప్పు. నువ్వేం పెట్టలే. చిన్నమ్మా, నువ్వు గూడ విను. మాఫ్ చెయ్యి గౌరీ."

"అన్న మాట తండా దాకా పోతదక్కా. మాఫీ గంత దూరం పోదు," అంది గౌరీబాయి కళ్లు తుడుచుకుంటూ. "ఒట్టేసిన గనుక ఊకున్న."

"సుకన్య తెల్వక అన్నది," అంది లీలావతి. "నేను తెలిసి ఊకున్న. పెద్ద తప్పు నాది."

రెండు చేతులూ జోడించడానికి ఆమె వాకర్‌ను వదిలేసింది. తూలి పడబోయిన ఆ ముసలి ఒంటిని గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన ఇద్దరూ చెరో పక్కన పట్టుకున్నారు. ముందుగా అందుకున్న చేయి గౌరీబాయిది.