ఆరో రాకెట్

సరిగ్గా పది గంటల పన్నెండు నిమిషాలకు మూడో నంబర్ టెన్నిస్ కోర్టులో ఓ రాకెట్ కింద పడింది.

ఆ వెంటనే నీలంరంగు నేల మీద ఎర్రటి చుక్కలు. ఒకటి. రెండు. ఐదు.

పిచ్చుక తన ఎడమ అరచేతిని చూసుకుంటూ నిలబడిపోయింది. పొట్టిగా ఉండి కోర్టంతా చెంగుచెంగున తిరుగుతుందని తోటి ఆటగత్తెలు పెట్టిన పేరది. సాయంత్రం నాలుగింటికి ఆమె జీవితంలో మొదటి ఫైనల్.

పది నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. అప్పుడే తెరిచిన బంతుల డబ్బా బెంచీ మీద ఉంది. కొత్త బంతుల వాసన. ఇంకో రోజైతే ఆ వాసనకే పిచ్చుక మనసు తేలిపోయేది. ఇవాళ కాదు.

రాకెట్ పిడి మీద చుట్టిన టేపు కింద సగానికి విరిచిన బ్లేడు ఉంది. అంచు పైకి.

సంచి పక్క జేబులో టైప్ చేసిన కాగితం ఒకటి. 'ఫైనల్ ఆడితే ఈసారి కన్ను.'



గాయం పైపైదే. ప్లాస్టర్ వేసిన డాక్టర్ ఆడొచ్చన్నాడు. కానీ పిచ్చుక ఏ వస్తువునూ ముట్టుకోవడం లేదు. నీళ్ల సీసా ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. తలుపు గొళ్లేన్ని మోచేత్తో తోసింది.

"నీ రాకెట్లకు టేపు ఎవరు చుడతారమ్మా?"

"నేనే మేడమ్. చిన్నప్పటి నుంచీ నేనే. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వను."

"నిన్న చుట్టావా?"

"ఆరు రాకెట్లకూ చుట్టాను."

సంచి తొమ్మిది నుంచి తొమ్మిది నలభై దాకా లాకర్ల గది బయట కారిడార్లో ఉంది. అక్కడ కెమెరా లేదు. ఆ నలభై నిమిషాల్లో అటు వెళ్లినవాళ్లు ముగ్గురే.

పిచ్చుక అక్క. ప్రయాణాలు, హోటళ్లు అన్నీ తనే చూసుకుంటుంది. రాత్రి రాకెట్లు తీసుకెళ్లి వాటికి స్ట్రింగ్స్ బిగించిన మేస్త్రి. కోచ్.

"రాకెట్లు తెచ్చి ఎక్కడ పెట్టారు?"

"సంచిలోనే మేడమ్, తొమ్మిదీ అయిదుకి. మళ్లీ నా మిషన్ దగ్గరికి పోయా," అన్నాడు మేస్త్రి. "నా పని తీగల వరకే. పిడి నాది కాదు."

"ఆ తర్వాత?"

"టవల్ పెట్టడానికి నేను వెళ్లాను," అంది అక్క. "ఆ కాగితం నా కంట పడలేదు. పడుంటే దీన్ని కోర్టు దాకా రానిచ్చేదాన్నా?"

"మీ చెల్లి మీద ఎవరికి కోపం?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కోపం కాదుగానీ, ఈ టోర్నమెంట్ అయ్యాక కోచ్‌ని మారుద్దామనుకున్నాం. ఆయనకింకా చెప్పలేదు."

కోచ్ మాత్రం తొణక్కుండా కూర్చున్నాడు. "ఎనిమిదేళ్లు పెంచాను దాన్ని. ఆడించొద్దు మేడమ్. ప్రాణం కంటే కప్పు ఎక్కువా? నాతో పంపించండి, నేను చూసుకుంటాను."

పన్నెండున్నరకు ఇన్‌స్పెక్టర్ ఆరు రాకెట్లనూ బల్ల మీద వరసగా పేర్చింది. టేపు మడతలు వాలుగా మెలికలు తిరిగి ఉన్నాయి. అయిదు రాకెట్లు ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. బ్లేడున్న ఆరోది మాత్రం ఏదో తేడా. ఏమిటో అందలేదు. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ఆరోదాని మడతల వెంట వేలు జరిపింది.

ఆరోదాన్ని ల్యాబ్ వాళ్లకిచ్చింది. మిగతా అయిదింటికీ టేపు విప్పించింది. వాటిలో ఏమీ లేదు.

రెండున్నరకు ముగ్గుర్నీ పిలిచింది. పిచ్చుక మూల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"పిల్ల చెయ్యి తెగింది, చుట్టుకోలేదు. టైం లేదు. తలా ఒక రాకెట్‌కి టేపు చుట్టండి."

అక్క టేపు పట్టుకోగానే అది వేళ్లకు చుట్టుకుపోయింది. "నాకు జడ వెయ్యడం తప్ప ఇంకేం రాదు మేడమ్."

మేస్త్రి నిదానంగా, ఒక్క ముడత లేకుండా చుట్టాడు. కోచ్ ముప్పై సెకన్లలో ముగించి రాకెట్ బల్ల మీద పెట్టాడు.

మూలనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"సర్... అది కుడిచేతివాళ్లకి చుట్టేది."



"అవును," అంది ఇన్‌స్పెక్టర్ కోచ్ వైపు తిరిగి. "ఎడమచేత్తో ఆడేవాళ్లకు టేపు తిరగేసి చుడతారు. లేకపోతే ఆడుతుంటే అంచులు లేస్తాయి. మేస్త్రి ప్రతి ఆటగత్తె వివరాల కార్డూ చూసి పనిచేసే మనిషి, ఈమెది ఎడమచెయ్యని అందులోనే ఉంటుంది. తిరగేసే చుట్టాడు. అక్కకు అసలు చేతకాదు. మీరు మాత్రం రోజూ పాతికమంది పిల్లలకు చుడతారు, అందరూ కుడిచేతివాళ్లే. ఈమె ఒక్కతే మిమ్మల్ని చుట్టనివ్వదు. హడావుడిలో మీ చేతులు అలవాటైన దారినే పోయాయి. ఆరో రాకెట్ మీద కూడా."

"ఇదీ ఒక సాక్ష్యమేనా?" కోచ్ నవ్వబోయాడు.

కానిస్టేబుల్ లోపలికొచ్చి కాగితం అందించాడు.

"ఆరో రాకెట్ టేపు చివర అంటించిన పట్టీకి జిగురు వైపు బొటనవేలి ముద్ర. మీరు తాగిన నీళ్ల సీసా మీదా అదే ముద్ర. కోచ్‌ని మారుస్తారని మీకెలా తెలిసింది?"

ఆయన పిచ్చుక వైపు చూశాడు. ఆ చూపుకు ఆమె కుర్చీలో ఇంకా వెనక్కి జరిగింది.

"గోడ చాటునుంచి విన్నాను. దానికి నేను లేకపోతే దిక్కులేదు," అన్నాడు మెల్లగా. "అది నా వెనకాలే నిలబడేది, భయపడినప్పుడల్లా. మళ్లీ భయపడితే మళ్లీ నా దగ్గరికే వస్తుందనుకున్నా. అంతే."

ఆయన్ని తీసుకెళ్లారు.

మూడు యాభై అయిదు. సొరంగంలాంటి దారి చివర ఎండ, జనం హోరు. మేస్త్రి కొత్త టేపు చుట్టిన అయిదు రాకెట్లూ ఎదురుగా ఉన్నాయి. పిచ్చుక వాటిని ముట్టుకోలేదు.

"అన్నీ చూశాం చిన్నీ," అంది అక్క.

"తెలుసక్కా. చెయ్యి రావట్లేదు."

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చింది. మొదటి రాకెట్ తీసుకుని పిడిని తన అరచేత్తో గట్టిగా నులిమింది. రెండోది. మూడోది. నాలుగోది. అయిదోదాన్ని నులిమి, గాల్లో ఒక్క ఊపు ఊపింది.

పిచ్చుక పెదవి చివర కొంచెం కదిలింది. "మేడమ్, మీరలా పట్టుకుంటే బాల్ స్టేడియం బయట పడుతుంది."

"ఎలా పట్టుకోవాలో చూపించు మరి."

పిచ్చుక ముందు రెండు వేళ్లు ఆనించింది. తర్వాత నాలుగు. కళ్లు మూసుకుని పిడికిలి బిగించింది.

ఏమీ కాలేదు.

మైకులో ఆమె పేరు పిలిచారు. మిగతా నాలుగు రాకెట్లను అక్క చేతుల్లో పెట్టి ఎండలోకి నడిచింది.